రాజు ముందు, బంటు తర్వాత

తమిళనాడులో రాజపాళయం దాటి సత్రపట్టిలో అడుగుపెట్టగానే మొదట వినిపించేది మగ్గాల మోత. ఆసుపత్రుల్లో గాయాలకు కట్టే బ్యాండేజీ గుడ్డ నేసే ఊరిది. ఏ వీధిలోకి తిరిగినా పవర్‌లూమ్ షెడ్లూ, మడతలు పెట్టిన తెల్లటి తానులే. ఈ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. విజయనగర కాలం నాటి వలసలతో వచ్చి స్థిరపడ్డ కుటుంబాల వారు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడుతూ తరాలు దాటించారు. నేను వచ్చింది మాత్రం గుడ్డ కోసం కాదు, ఒక మగ్గాల షెడ్డు మేడమీద శనివారాలు నడిచే చదరంగం క్లాసు చూడటానికి.

పాఠం చెప్పేది రిటైరైన లెక్కల మాస్టారు. ఫీజు తీసుకోరు. శనివారం ఓపెనింగులు చెప్పకూడదని ఆయన పెట్టుకున్న నియమం. బోర్డు నిండా పావులు ఉండవు. రాజులు, ఒకటో రెండో బంట్లు, మహా అయితే ఒక రూక్. చెరో రెండు నిమిషాలు గడియారంలో పెట్టి ఆడమంటారు.

"ఓపెనింగులు పిల్లలే ఫోన్లో చూసి నేర్చేసుకుంటారండీ. ఆట పోగొట్టుకునేది ఇక్కడే," అన్నారు మాస్టారు, దాదాపు ఖాళీగా ఉన్న బోర్డు చూపించి.

ఆ బోర్డు దగ్గర పన్నెండేళ్ళ పాప తెల్లపావులతో ఆడుతోంది. తన రాజు డి3లో, ఒకే ఒక బంటు ఇ2లో. ఎదుటి కుర్రాడికి ఇ6లో రాజు తప్ప ఇంకేం లేదు. ఎత్తు పాపదే. గడియారంలో ఇరవై సెకన్లు కూడా లేవు. బంటును మంత్రిని చేయాలన్న ఆత్రంతో రెండు గడులు ఒకేసారి తోసి ఇ4లో పెట్టింది. కుర్రాడి రాజు ఇ5కి వచ్చి బంటు ముందు నిలబడిపోయాడు. బంటును కాపాడుకోవడానికి పాప రాజు ఇ3కి పక్కకు జరగాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎంత తిప్పినా నల్లరాజు ఎదురుగానే ఉన్నాడు. డ్రా.

మాస్టారు ఏమీ అనలేదు. గడియారం ఆపి, పావులు మళ్ళీ అదే స్థితిలో పెట్టి, "ఇప్పుడు చూడమ్మా" అన్నారు. పాప రెండు క్షణాలు చూసి రాజును ఇ4కి నడిపింది. అంతే, నల్లరాజు దారి ఇవ్వక తప్పదు. అతను ఎటు జరిగితే ఈ రాజు అవతలివైపు నుంచి ముందుకు చొరబడతాడు. ఇ2లో బంటు కదలకుండా ఉండటమే బలం, అవసరమైనప్పుడు ఒక ఎత్తు దాచుకున్నట్టు. తొందరపడి తోసేస్తే ఆ ఎత్తు ఖర్చైపోతుంది.

పాపకు పాఠం రాకపోవడం కాదు. వచ్చిన పాఠాన్ని ఇరవై సెకన్లలో తీసి వాడుకోవడం రాలేదు. ఈ తేడాను మన కోచింగుల్లో ఎవరూ పట్టించుకోరని నా గట్టి అభిప్రాయం. పుస్తకంలో పొజిషన్ చూపించి "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు. గడియారం నడుస్తుండగా అడిగి చూడాలి.

తర్వాత మాస్టారు పెద్ద బోర్డు మీద 2024 డిసెంబర్ 12 నాటి ఆట పెట్టారు. సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో గేమ్. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్‌కూ, చాంపియన్ డింగ్ లిరెన్‌కూ అప్పటికి చెరో ఆరున్నర పాయింట్లు. నలభై ఎత్తులకు రెండు గంటలు, ఆపైన ఆటంతటికీ అరగంట, 41వ ఎత్తు నుంచి ఎత్తుకు ముప్పై సెకన్ల అదనం. ఇద్దరికీ చెరో రూక్, చెరో బిషప్. గుకేశ్‌కు రెండు బంట్లు, డింగ్‌కు ఒకటి. జాగ్రత్తగా కాచుకుంటే డ్రా అయ్యే స్థితే. కానీ గంటల తరబడి కాచుకోవాలి, సమయం కూడా గుకేశ్ వైపే ఎక్కువ. 55వ ఎత్తులో డింగ్ రూక్‌ను ఎఫ్2కి తెచ్చి మార్పిడికి పెట్టాడు.

"ఇక్కడ ఏమైంది?" అని మాస్టారు అడగ్గానే వెనక కూర్చున్న బుడ్డోడు "బిషప్ మూలన ఉంది సార్!" అని అరిచాడు. నిజమే. తెల్ల బిషప్ ఎ8 మూలన ఇరుక్కుంది. రూక్‌లు మారాక నల్ల బిషప్ డి5కి వస్తే బిషప్‌లూ మారక తప్పదు. మిగిలేది రాజులూ బంట్లే, అది గుకేశ్‌కు తేలిగ్గా గెలిచే ఆట. తను కూడా మొదట గమనించలేదనీ, రూక్‌ను వేరే గడికి జరపబోయాననీ గుకేశ్ తర్వాత చెప్పాడు. మరో మూడు ఎత్తులకు ఆట ముగిసింది. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ప్రపంచ విజేత.

పాప తోసిన బంటూ, డింగ్ జరిపిన రూకూ వేరు వేరు తప్పులుగా కనిపిస్తాయి. నాకు మాత్రం రెండింటి వెనకా ఒకే కోరిక కనిపించింది, ఈ ఒత్తిడి త్వరగా అయిపోతే బాగుండునని. మార్పిడి చేస్తే బోర్డు ఖాళీ అవుతుంది, ఆలోచించాల్సింది తగ్గుతుందనిపిస్తుంది. ఆట చివరి దశ అయిన ఎండ్‌గేమ్‌లో జరిగేది దానికి తలకిందులు. ఒక్క పావు తగ్గితే ప్రతి ఎత్తు విలువా పెరుగుతుంది, దిద్దుకునే అవకాశం పోతుంది.

ఇది చిన్నవాళ్ళ జబ్బు కాదు. 2025 జూన్‌లో నార్వే చెస్‌లో గుకేశ్ మీద గెలిచే ఆటను మాజీ ప్రపంచ విజేత కార్ల్‌సన్ గుర్రాల ఎండ్‌గేమ్‌లో సెకన్ల మీద ఆడుతూ పోగొట్టుకుని బల్ల గుద్దాడు. అదే ఏడాది జులై 28న బతూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ టైబ్రేక్‌లో మన కోనేరు హంపి దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడింది కూడా సమయం అడుగంటిన వేళే. రెండుసార్లు ప్రపంచ ర్యాపిడ్ విజేత అయిన హంపికే తప్పని గండం అది.

కింద షెడ్డులో ఒక మగ్గం చటుక్కున ఆగింది. పేక పోగు తెగితే మగ్గం దానంతట అదే ఆగుతుంది, నేతగాడు సరిచేసి మళ్ళీ నడిపిస్తాడు. "బోర్డు అలా ఆగదు కదండీ," అన్నారు మాస్టారు. "పిల్లలే ఆగాలి." అందుకే ఆయన ప్రతి మార్పిడికి ముందు ఒకే ప్రశ్న వేసుకోమంటారు: అన్నీ పోయి బంట్లు మాత్రమే మిగిలితే ఎవరు గెలుస్తారు? జవాబు తెలియకపోతే పావు ముట్టుకోవద్దు. ఈ ప్రశ్న వేసుకునే తీరిక మిగలాలంటే మొదటి పదిహేను ఎత్తుల్లోనే గంట తగలేయకూడదు. ఎదుటివాడి గడియారం నడిచేటప్పుడు కిటికీలోంచి చూడకుండా బంట్లు లెక్కపెట్టాలి.

ఆ గదిలో అదనపు సెకన్లు పెట్టగలిగే డిజిటల్ గడియారాలు అందరికీ సరిపోవు. పిల్లలు వంతులవారీగా వాడుకుంటున్నారు. గడియారం లేని బోర్డు దగ్గర ఆడిన ఎండ్‌గేమ్ సగం పాఠమే. మీ ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ళై, ఆడటం మానేశాక అటక మీద పడి ఉన్న చెస్ గడియారం ఉంటే దింపండి. మీ ఊళ్ళో ఏ క్లాసు నడుస్తుంటే అక్కడికి ఇచ్చిరండి.