గాలి ఎటు నుంచి కొట్టింది?

2022 డిసెంబరు 21న చుండూరు మండలం యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టారు. రాష్ట్రం మొత్తం మీద పిల్లలకూ టీచర్లకూ కలిపి 5,18,740 ట్యాబ్‌లని ప్రకటించారు. నేనప్పుడు రేపల్లె వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. అంతకుముందు తెనాలి పరిసరాల్లోనూ, బాపట్ల దగ్గరా పనిచేశాను. సుద్దముక్క, గాజు దిమ్మ, గుండుసూదులు, కాసిని బ్యాటరీలు, బల్బులు: అప్పటిదాకా నా సామానంతా ఇదే.

తెనాలి రోజుల్లో వక్రీభవనం పాఠం వస్తే బడి మొత్తానికి ఒకటే గాజు దిమ్మ. బల్ల చుట్టూ ఎంతమంది మూగినా ముందున్న నలుగురికే సూదులు ఒక వరుసలో కనిపించేవి. మిగతావాళ్లు వాళ్ల నోట్సు చూసి గీతలు గీసుకునేవాళ్లు. రికార్డులు దిద్దుతుంటే అన్నింటిలోనూ అవే కోణాలు. ప్రయోగం చేసింది నలుగురు, చూసి రాసింది తరగతి అంతా. ఆ వెనక వరుసల పిల్లలు నా మనసులో చాలా ఏళ్లు ఉండిపోయారు.

ట్యాబ్‌లు వచ్చాక మొదట్లో నాకు దిగులే వేసింది. పిల్లలు తల వంచుకుని ఎవరి వీడియో వాళ్లు చూసేవాళ్లు. తరగతి నిశ్శబ్దంగా ఉండేది. సైన్సు తరగతిలో అంత నిశ్శబ్దం మంచిది కాదని ఇప్పటికీ నా నమ్మకం. అయితే ఇంటి దగ్గర వాటి ఉపయోగం వేరు. పొలం పనులకు తల్లితో వెళ్లి రెండు రోజులు బడికి రాలేని పిల్ల ఆ పాఠాన్ని రాత్రి మళ్లీ చూసుకుని వచ్చేది. ఆ మేలు చిన్నది కాదు.

2023లో హైస్కూళ్లకు టచ్ ప్యానెళ్లు వచ్చాయి. ప్రభుత్వ బడుల బాగుకు పెట్టిన నాడు-నేడు పథకం కింద రాష్ట్రంలో 30 వేలకు పైగా తరగతి గదుల్లో వాటిని బిగించారు. గోడ మీద అంత పెద్ద తెర, వేలితో తాకితే కదిలే బొమ్మలు. మొదటి వారం పిల్లలు దాన్ని ముట్టుకోవడానికే పోటీపడ్డారు. ఆ మోజు ఎంతకాలం ఉంటుందో ఏ టీచరైనా చెప్పగలరు. అది తగ్గాక ఏం చేస్తామన్నదే అసలు పని.

నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ అనే కంప్యూటర్ ప్రయోగాల నిధి ఉంది. ఉచితం. ఇంటర్నెట్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నడుపుకోవచ్చు. అందులో కాంతి వంగడం చూపే ప్రయోగాన్ని ఆ ప్యానెల్ మీద పదో తరగతికి పెట్టాను. లేజర్ బటన్ మాత్రం ముందే నొక్కనివ్వలేదు. కిరణం గాజులోంచి గాలిలోకి వస్తే ఎటు వంగుతుందో ముందు నోట్సులో గీయాలి, ఆ తర్వాతే ఒకరు వచ్చి నొక్కాలి. ఒక్కో కోణానికీ ఇదే వరస. కోణం పెంచుకుంటూ పోగా ఒకచోట గీత బయటికి రాలేదు, గాజు లోపలికే తిరిగిపోయింది. గదంతా గోల. చివరి బెంచీ అబ్బాయి లేచి నిలబడి, "మేడం, కాలవలో మునిగి పైకి వాలుగా చూస్తే నీళ్లు అద్దంలాగా మెరుస్తయ్. అదేనా ఇది?" అన్నాడు. అదే. సంపూర్ణాంతర పరావర్తనం అన్న మాట ఆ రోజు ఎవరూ బట్టీ పట్టలేదు.

ఇంకో సాధనం ప్యానెల్ కంటే చాలా చవక. ప్లికర్స్ అని కాగితపు కార్డులు. ఒక్కో పిల్లకు ఒక్కో గుర్తున్న కార్డు, దాన్ని ఏ వైపు పైకి పట్టుకుంటే అది జవాబు. టీచరు ఫోన్ కెమెరా తిప్పితే ఎవరేం చెప్పారో తెలిసిపోతుంది. పక్కవాడి జవాబు మాత్రం పక్కవాడికి తెలియదు. మా బడిలో వాటిని అట్టలకు అతికించుకున్నాం. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి దీనికి సరిగ్గా సరిపోయింది: ప్రశ్న అడగాలి, ఓటు తీసుకోవాలి, జవాబు చెప్పకుండా పక్కవాళ్లతో వాదించుకోమనాలి, మళ్లీ ఓటు తీసుకోవాలి.

తొమ్మిదో తరగతిని అడిగాను: పైకి విసిరిన బంతి పైన ఆగిన క్షణంలో దాని త్వరణం ఎంత? ఎక్కువమంది సున్నా అన్నారు. వాదనలు మొదలయ్యాయి. తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి పక్క పిల్లతో అంటోంది: "సున్నా అయితే వేగం మారకూడదు కదే! మరి బంతి అక్కడే ఉండిపోవాలిగా? ఎందుకు కింద పడతది?" నేను ఆగి, ఆ మాటే గట్టిగా చెప్పమన్నాను. రెండో ఓటులో కార్డులు చాలావరకు తిరిగాయి. పైన ఆగినప్పుడు కూడా త్వరణం సెకనుకు సెకనుకు 9.8 మీటర్లే, కిందికే. ఆ మాట చెప్పాల్సిన అవసరం నాకు రాలేదు. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు ఉన్నా, వాదించుకునేటప్పుడు వాళ్ల నోట వచ్చేది తెలుగే. నేను అడ్డుపడలేదు. ఆలోచన ముందు రానివ్వాలి.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోయింది. బడి తెరిచాక పిల్లలు పాఠం వినే స్థితిలో లేరు. తడిసిన కుప్పల గురించే మాటలు. కృష్ణ అవతలి ఒడ్డు దివిసీమ. 1977 నవంబరు 19న ఆ సీమను ముంచిన ఉప్పెన ఈ పిల్లల ఇళ్లలో ఇంకా చెప్పుకునే సంగతి.

ప్యానెల్ మీద తీరం మ్యాపు తెరిచి ఒకటే అడిగాను: "మీ ఇంట్లో జల్లు ఏ గోడకు కొట్టింది?"

ఒక్కొక్కరూ లేచి వాళ్ల ఊరి దగ్గర వేలితో బాణం గీశారు. మొదట తూర్పు గోడ, ఆ తర్వాత దక్షిణపు గోడ అన్నవాళ్లే ఎక్కువ. మర్నాడు కొందరు చుట్టాలకు ఫోన్లు చేసి వచ్చారు. తెనాలిలో మేనమామ, బాపట్లలో పెద్దమ్మ. ఆ బాణాలూ చేరాయి. తెనాలి వైపు గాలి తూర్పు నుంచి, రేపల్లె వైపు సముద్రం మీద నుంచి. బాణాలన్నీ కలిపి చూస్తే బాపట్ల చుట్టూ గడియారం ముళ్లకు ఎదురుగా తిరిగే సుడి కనిపించింది. అప్పుడే వాతావరణ శాఖ ఉపగ్రహ చిత్రాలు పక్కన పెట్టాను. రెండూ ఒకటే తీరు. కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

తక్కువ పీడనం వైపు పరుగెత్తే గాలిని భూభ్రమణం మన అర్ధగోళంలో కుడికి మళ్లిస్తుందని, అందుకే ఆ సుడి అని చెప్పాను. డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో చెప్పిన సూత్రం కూడా చెప్పాను: గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం ఎడమచేతి వైపు ఉంటుంది. పిల్లలు లేచి గదిలో అటూ ఇటూ తిరిగి నిలబడి చేతులు చాచి చూసుకున్నారు.

గట్టి వానొస్తే మా దగ్గర కరెంటు పోతుంది, తెర ఆరిపోతుంది. ఆ రోజు పాఠం నల్లబల్ల మీదే. ప్యానెల్ కొన్నంత శ్రద్ధగా టీచరుకు పాఠం సిద్ధం చేసుకునే సమయం కూడా ఇవ్వాలని నేను ప్రతి సమావేశంలో అడుగుతూనే ఉన్నాను. మంచి ప్రశ్న ఒకటి తయారు చేసుకోవడానికి నాకొక సాయంత్రం పడుతుంది. అది లేకపోతే ఆ తెర పెద్ద టీవీ అవుతుంది, అంతే.

2025 అక్టోబరు చివర మొంథా తుఫాను వస్తోందని, కాకినాడ వైపు తీరం దాటవచ్చని హెచ్చరికలు వచ్చాయి. సెలవులు ప్రకటించకముందే తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను మ్యాపు తెరవమన్నారు. మిచాంగ్ నాటికి వీళ్లు ఏడో తరగతి. అన్నల దగ్గరా అక్కల దగ్గరా విన్నారట. "ఈసారి కేంద్రం మనకు తూర్పున పోతది మేడం. గాలి ఉత్తరం నుంచి రావాలి," అని ఒకడు గీశాడు. ఇంకొకమ్మాయి కాదంది, మొదట ఈశాన్యం, తర్వాత ఉత్తరం, దాటిపోయాక పడమర అని మూడు బాణాలు వరుసగా గీసి పక్కన వేళలు కూడా వేసింది. రెండు బొమ్మలూ సేవ్ చేశాను. 28వ తేదీ అర్ధరాత్రి మొంథా నర్సాపురం దగ్గర తీరం దాటింది. బడి తెరిచిన రోజు నేను వరండాలో ఉండగానే ఆ అమ్మాయి ఎదురొచ్చింది. "ఉత్తరం గోడంతా తడిసింది మేడం! పడమర బాణానికి వేసిన టైమే తేడా వచ్చింది. ఎందుకో చూద్దాం, మ్యాపు తీయండి."