సముద్రం దగ్గర సెల్లెందుకు?

ఉదయగిరి పిల్లలకు కొండ కొత్త కాదు. కళ్లు తెరిస్తే ఎదురుగా కనిపించేది దుర్గమే. వాళ్లకు కొత్తది సముద్రం. జిల్లా ఒకటే అయినా మైపాడు తీరం వందకు పైగా కిలోమీటర్ల దూరం. అందుకే వేసవి సెలవుల్లో 'సముద్రానికి పోదామా' అంటే చాలు, ముందురోజు రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్రపట్టదు.

తీరా బస్సెక్కాక చూడండి... ఆత్మకూరు రాకముందే తలలన్నీ కిందికి వాలిపోతాయి. అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లే! పిల్లల్నే అనడమెందుకు, పెద్దలూ అంతే. ఉదయగిరి కోటను ముట్టడించిన శ్రీకృష్ణదేవరాయలకు అది 1514లో చేజిక్కడానికి ఏడాదికి పైనే పట్టింది. పిల్లల చేతిలోంచి సెల్లు తీసుకోవడం అంతకన్నా తేలికేం కాదు. అమ్మానాన్నలు ముందు తమది సంచిలో వేస్తే సగం పని అయినట్టే.

కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు ఆ దారి ఎంత చూపిస్తుందో! మెట్టభూములు, తుప్పలు, వెనక్కి జరిగిపోతున్న వెలిగొండలు. ఆత్మకూరుకు ఓ పక్కన పెన్నానది మీద సోమశిల జలాశయం. 78 టీఎంసీల నీళ్లు పడతాయి దాన్లో. బస్సులోంచి కనిపించకపోయినా పిల్లలకు చెప్పాల్సిన సంగతే. ఎందుకంటే సంగం దగ్గర మళ్లీ ఆ పెన్నే ఎదురవుతుంది. అక్కడి కొత్త బ్యారేజీ 2022లో మొదలైంది. అది దాటాక నేల రంగే మారిపోతుంది. అంతా వరి మాగాణి. ఆ నది చివరికి సముద్రంలో కలిసేది మైపాడుకు ఉత్తరాన. అంటే దారిపొడవునా పెన్న కూడా మీతోపాటే ప్రయాణం చేస్తోందన్నమాట.

ఇక తీరంలో ఏం తోచదేమోనన్న భయమే అక్కర్లేదు. ఉదయగిరి చెక్క గరిటెలకు ఎంత పేరో తెలిసిందే. ఓ పెద్ద గరిటె సంచిలో పడేసుకుంటే ఇసుక తవ్వడానికి అంతకు మించిన ఆటవస్తువు లేదు. ఏరిన గవ్వలతో అక్కడే గళ్లు గీసుకుని అష్టాచెమ్మా ఆడుకోవచ్చు. నాయనమ్మ పక్కనుంటే ఎత్తులన్నీ ఆవిడే నేర్పుతుంది. ముందురోజే నెల్లూరు చేరి, తెల్లవారకముందే తీరానికి వెళ్తే సూర్యోదయం చూడొచ్చు. మనది తూర్పు తీరం, సాయంత్రం నీళ్లలో మునిగే సూర్యుడి కోసం ఎదురుచూసి లాభంలేదు.

సెల్లు పక్కన పెట్టమనేది సరదా కోసమే కాదు. నీళ్లు చూసి పెరగని పిల్లలకు అలతో ఎలా మెలగాలో తెలియదు. వెనక్కి మళ్లే అల బలంగా లాగుతుంది. మునిగిపోయే పిల్లలు సినిమాలోలా కేకలు వేయరు, చాలాసార్లు చప్పుడే ఉండదు. తల్లిదండ్రులు ఫోన్లు చూసుకుంటూ నీళ్లలోని పిల్లల్ని గమనించడంలేదని జర్మనీలో ప్రాణరక్షకుల సంఘం 2018లోనే హెచ్చరించింది. ఫొటో కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడటమూ అలాంటిదే. పెద్దల్లో ఒకరు వంతులవారీగా, మరే పనీ పెట్టుకోకుండా, పిల్లల మీదే కన్నేసి ఉంచాలి.

అన్నట్టు, 'ఫోన్లన్నీ ఇంట్లోనే వదిలేసి రండి' అనడం ఈ మెట్ట ఊళ్లవాళ్లకు అంత సులభం కాదు. నాన్న బెంగళూరులోనో కువైట్‌లోనో పనిలో ఉంటాడు. ఆ ఇంటి పిల్లలకు నాన్న అంటే ఫోన్లో కనిపించే ముఖం. దాన్నీ ఆపేయమంటే అది విహారం ఎలా అవుతుంది? అలాంటి ఇళ్లవాళ్లు ఒక్క ఫోన్ తెచ్చుకుని, మధ్యాహ్నం పులిహోర పొట్లాలు విప్పే వేళ ఆయనతో మాట్లాడితే సరి. సముద్రాన్నీ చూపించవచ్చు. కాకపోతే ఆ కాసేపూ పిల్లలంతా ఒడ్డునే, తువాళ్లు కప్పుకుని కూర్చోవాలి.