మారెమ్మ గుడి పక్క గల్లీలో చీనా చాయ

సింగపూరు పోయి వచ్చినోళ్ళు అందరు పెద్ద పెద్ద బిల్డింగుల గురించి చెప్తరు. నేను రాసేది ఒక పాత చాయపత్తి దుకాణం గురించి. గిర్నీలల్ల, సాంచెల మీద బతికిన మన అసుంటోళ్ళు ఆ దుకాణంలో చూడవలసింది చాన ఉన్నది.

మా చిన్నోడు అక్కడ షిప్‌యార్డులో పని చేస్తడు. నన్ను, మా ఇంటామెను పదిహేను దినాలకు పిలిపించుకున్నడు. ఆదివారం సెలవు నాడు రైలెక్కి చైనాటౌన్ స్టేషన్‌లో దిగినం. బయటికి వస్తనే పగోడా స్ట్రీట్ అనే గల్లీ. దాని కొసకు నడిస్తే మన మారెమ్మ గుడి. వాళ్ళు శ్రీ మారియమ్మన్ గుడి అంటరు. 1827లో నారాయణ పిళ్ళై అనే తమిళాయన మొదలుపెట్టిండు. సింగపూరులో హిందువుల గుళ్ళల్ల ఇదే అన్నిటికన్న పాతది. గుడి గోపురాన్ని చూసే ఆ గల్లీకి పగోడా స్ట్రీట్ అని పేరొచ్చింది. ఇటు పక్క గల్లీ టెంపుల్ స్ట్రీట్. అటు పక్కది మాస్క్ స్ట్రీట్. ఆ మూల మీద తమిళ ముసల్మానులు కట్టుకున్న జామే మసీదు ఉన్నది. చీనావాళ్ళ పేట నడుమ మన గుడి, వాళ్ళ మసీదు రెండు వందల ఏండ్ల సంది పక్కపక్కన ఉన్నయి.

ఆ పేటను మలయా భాషలో క్రేటా ఆయెర్ అంటరు. నీళ్ళబండి అని అర్థం. చీనా పేరుకు ఎడ్లబండి నీళ్ళు అని అర్థం. నల్లాలు లేని కాలంలో అక్కడికి ఎడ్లబండ్ల మీద నీళ్ళు తెచ్చేటోళ్ళు. పగోడా స్ట్రీట్‌లో పాత ఇండ్లను మ్యూజియం చేసి పెట్టిండ్రు. కింద దర్జీ దుకాణం, మీద చెక్కలు అడ్డం కట్టిన చిన్న చిన్న ఖోలీలు. ఒక్క ఖోలీలో ఇంటిల్లిపాది. వంటిల్లు అందరికి ఒకటే. మా ఇంటామె తొంగి చూసి, "ఇది మన చాళే గదా" అన్నది.

చీనాలోని ఫుజియన్, గ్వాంగ్‌డాంగ్ దిక్కు నుంచి ఓడలల్ల వచ్చిన కూలోళ్ళు అట్లాంటి ఖోలీలల్ల ఉండేటోళ్ళు. పొద్దుగాల లేచి సింగపూరు ఏటి ఒడ్డుకు పోవాలె. పడవకు, ఒడ్డుకు నడుమ వేసిన పలక మీద నడుసుకుంట బస్తాలు మొయ్యాలె. ఆ సరుకు పడవలను 1983లో ఏటి మీది నుంచి తీసేసిండ్రు. పడవలు పోయినయి గని కూలోళ్ళ తిండి మాత్రం ఊరంత నిలబడ్డది. దాన్ని బక్ కుత్ తే అంటరు. పంది బొక్కలు, ఎల్లిగడ్డ, మిరియాలు వేసి ఉడకబెట్టిన చారు. పేరులో "తే" అంటే చాయ అనే అర్థం. కని ఆ చారులో చాయపత్తి ఉండదు. కొవ్వు చారు తిన్నంక నోరు శుభ్రం కావాలని పక్కన ఘాటు చాయ పెట్టుకుని తాగుతరు. మేము ఆ చారు తినలేదు. చాయ మాత్రం తాగినం.

ఆ "తే" అనే మాట చెవిన పడంగనే నాకు మన తేయాకు, తేనీరు గుర్తుకొచ్చినయి. ఫుజియన్ తీరంవాళ్ళు చాయను "తే" అంటరు. అక్కడి నుంచి ఓడలల్ల సరుకు పోయిన దేశాలకు అదే మాట పోయింది. ఇంగ్లీషులో టీ అయింది. చీనాలో మిగతా చాన జాగాలల్ల "చా" అంటరు. భూమి మీది బాటలల్ల ఇరానీల దాక పోయి మనకు చాయ అయి వచ్చింది. మన ఇంట్లో ఒకరు చాయ అన్నా, ఒకరు టీ అన్నా, పుస్తకంలో తేనీరు అని రాసినా, మూడు మాటలు చీనా నుంచి వచ్చినయే.

ఇగ దుకాణం సంగతి. మాస్క్ స్ట్రీట్‌లో ఉన్న ఆ దుకాణం పేరు పెక్ సిన్ చూన్. ఫుజియన్ నుంచి వచ్చిన కుటుంబం 1925లో పెట్టింది. ఇప్పుడు నాలుగో తరం నడిపిస్తున్నది. బక్ కుత్ తే హోటళ్ళు చాన వాటికి చాయపత్తి ఇక్కడి నుంచే పోతది. లోపల అడుగు పెడితే శనగలు వేయించినట్టు వాసన. అంచుల మీద పాత రేకు డబ్బాలు. ఒక పక్క బల్ల చుట్టు కూర్చుని పెద్దవయసు ఆడవాళ్ళు పొట్లాలు కడుతున్నరు. ఒక్క కుండకు సరిపోయే పత్తిని కాగితంలో పోసి, నాలుగు దిక్కులు మడిచి, చిన్న ఇటుక లెక్క గట్టిగ చేస్తరు. మిషన్ లేదు. అంత చేతి పనే.

మా ఇంటామె ముప్పై ఏండ్లు బీడీలు చుట్టిన మనిషి. ఆ బల్ల కాడ నుంచి కదలలేదు. అందులో ఒక పెద్దమ్మ నవ్వి, కాగితం ఒకటి చేతికిచ్చింది. ఒకరి మాట ఒకరికి రాదు. మొదటి పొట్లం వదులైంది. మూడోది కుదిరింది. పెద్దమ్మ దాన్ని బల్ల మీద తట్టి చూసి, తన పొట్లాల పక్కనే పెట్టింది.

అప్పటి దాక దుకాణాయన మాకు చాయ చెయ్యబట్టిండు. కొనకముందే రుచి చూపిస్తరు. పిడికిలంత మట్టి కుండ. మన ఊళ్ళ పూజలో వాడే చిన్న గిన్నెల వంటి కప్పులు మూడు. మొదలు ఉడుకు నీళ్ళు పోసి కుండను వేడి చేసిండు. తర్వాత పత్తి పోసి, దాని మీద మరిగే నీళ్ళు పోసి, ఆ మొదటి నీళ్ళు పారబోసిండు. మళ్ళ పోసి, కొంచెం సేపు మూత పెట్టి, కప్పులల్ల వంపిండు. ఒక కప్పు నింపి ఇంకోటి నింపుడు కాదు. మూడు కప్పుల మీద చుట్టు తిప్పుకుంట పోస్తరు. దానికి గ్వాన్ గోంగ్ అనే సేనాపతి ఊరి చుట్టు పహారా తిరుగుడు అని పేరు. చివరి చుక్కలు ఒక్కొక్క కప్పులో ఒక్కొక్కటి వేస్తరు. అది హాన్ షిన్ అనే సేనాపతి సిపాయిలను లెక్కబెట్టుడు అట. ఎందుకంటే మొదటి చాయ పల్చగ, చివరి చాయ చిక్కగ ఉంటది. ఒకరికి పల్చన, ఒకరికి చిక్కన కావద్దు. అందరికి ఒకటే రుచి పంచాలె. ఈ పద్ధతిని గోంగ్‌ఫు చాయ అంటరు. అంటే పనితనంతో, ఓపికతో చేసేది అని.

రెండు గుక్కలల్ల కప్పు అయిపోయింది. పాలు లేవు, చక్కెర లేదు. మొదలు చేదు తగిలింది. కొంచెం సేపు ఆగితే గొంతులో తీపి లేసింది. అదే పత్తితోని నాలుగు సార్లు చేసి ఇచ్చిండు. ప్రతిసారి రుచి మారింది. కప్పు నింపినప్పుడు రెండు వేళ్ళతో బల్ల మీద తట్టాలని మా చిన్నోడు చెప్పిండు. అది వాళ్ళ ధన్యవాదం.

అది ఊలాంగ్ రకం. పచ్చ చాయ అయినా, ఎర్ర చాయ అయినా, ఊలాంగ్ అయినా చెట్టు ఒకటే. కోసిన ఆకును వాడబెట్టి, కుదిపి, సగం మాగినంక మంట మీద ఆపితే ఊలాంగ్. మనం తాగేది సీటీసీ. మిషన్‌లో ఆకును నలిపి, చింపి, గుండు గింజలు చేసేది. మరగబెట్టి పాలు, చక్కెర పోస్తేనే దానికి రుచి. గిర్నీ కార్మికులకు చాయ అలవాటు చేసింది కూడ తేయాకు కంపెనీలే. మొదటి ప్రపంచ యుద్ధం కాలం నుంచి ఫ్యాక్టరీలల్ల, గిర్నీలల్ల చాయ పెట్టించినయి. రాత్రి పాళిలో నిద్ర ఆపుకునేటందుకు మేము తాగేది. రుచి చూసేటంత సమయం ఎవరిచ్చిండ్రు?

కని ఆ బస్తాలు మోసిన కూలోళ్ళు రుచి చూసిండ్రు. అదే నన్ను ఆలోచనలో పడేసింది. రెక్కల కష్టం చేసేటోనికి రుచి ఏం తెల్సు అని మనను చూసి అంటరు గదా. ఆ దుకాణంలో పేరు పొందిన ఒక పత్తికి బు జి షియాంగ్ అని పేరు. ఏమిటో తెలియని సువాసన అని అర్థం. రకరకాల ఆకులు కలిపి చేసింది. కలుపుడు అంటే మోసం కాదు. పంట ఏటేట మారినా, తాగేటోనికి రుచి, ధర మారకుండ చూసే పనితనం అది. పనోళ్ళు తాగే చాయకు కూడ అంత జాగ్రత్త పెట్టినందుకే దుకాణం నాలుగు తరాలు నిలిచింది.

అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే నీల్ రోడ్డు. అక్కడ టీ చాప్టర్ అని ఇంకో జాగా ఉన్నది. చాయ మీద ఇష్టం ఉన్న కొందరు కలిసి 1989లో పెట్టిండ్రు. అదే ఏడు ఇంగ్లాండు రాణి ఎలిజబెత్ వచ్చి అక్కడ చాయ తాగి పోయింది. మెట్లెక్కి మీదికి పోయి, తాపీగ కూర్చుని, మన చేతితో మనమే చేసుకుని తాగవచ్చు. కూలోడు తాగిన పద్ధతి, రాణి చూసిన పద్ధతి ఒకటే. చిన్న కుండ, చిన్న కప్పులు, ఉడుకు నీళ్ళు.

నేను గిర్నీలో ఉన్నన్ని ఏండ్లు బట్ట నేసిన. అది ఎవరు కట్టుకున్నరో, బాగుందన్నరో లేదో నాకు ఏనాడు తెలియలేదు. భోంగా కూసిందంటే పోవుడు, మళ్ళ కూస్తే వచ్చుడు. గిర్నీ మూతపడ్డప్పుడు కూడ మమ్ముల ఎవరు అడగలేదు. ఆ చాయ దుకాణంలో కట్టే మనిషి, అమ్మే మనిషి, తాగే మనిషి ఒక్క కప్పు దూరంలో ఉన్నరు. బాగలేకుంటే తాగేటోడు అక్కడే చెప్తడు. బాగుంటే మళ్ళ వస్తడు. అమ్మేటోడు దినాం తన సరుకు తానే తాగుతడు. ఇష్టం లేకుంటే ఆ పని ఒక తరం కన్న ఎక్కువ సాగదు.

అయితే ఒక సంగతి దాచకుండ రాయాలె. పొట్లాలు కట్టే బల్ల కాడ వయసు పిల్ల ఒక్కతి కానరాలేదు. మన దగ్గర బీడీలు చుట్టే తల్లులు కూడ తమ బిడ్డలకు ఆ పని వద్దనే అంటున్నరు. తిరిగి వచ్చేటప్పుడు రైలులో మా ఇంటామెను అడిగిన, చేతి పని పోతే నీకు బాధ లేదా అని. ఆమె అన్నది: "బీడీ పోతే పోనియ్యి. దగ్గు తెచ్చే పని అది. గీ చాయ పొట్లం అసుంటి పని మాత్రం ఉండాలె. ఊపిరి తియ్యదు, కూర్చుని చెయ్యవచ్చు, పక్కన మాట్లాడుకోవచ్చు." పెద్ద చదువులు చదివినోళ్ళు కూడ ఇంతకన్న బాగ చెప్పలేరు అనిపించింది. చేతి పని అన్నదల్ల నిలబడాలని లేదు. మనిషిని నిలబెట్టే పని నిలబడాలె.

మనలో చాన మంది పిల్లలు సింగపూరులో ఉన్నరు. మీరు పోతే మారెమ్మ దర్శనం చేసుకుని మాస్క్ స్ట్రీట్‌కు పోండ్రి. ముందు రుచి చూసి, తర్వాతనే కొనండ్రి. ఇంటికి తెచ్చుకున్నంక మట్టి కుండ లేకున్నా నడుస్తది. చిన్న స్టీలు చెంబు చాలు. ఒక పొట్లం పొయ్యండ్రి. మరిగిన నీళ్ళు పోసి మొదటివి పారబొయ్యండ్రి. రెండోసారి పోసి ఇరవై లెక్కబెట్టి వంపండ్రి. నాలుగు సార్ల దాక అదే పత్తి పనికొస్తది. పాలు, చక్కెర వెయ్యకండ్రి. ఇద్దరు ముగ్గురు పక్కింటోళ్ళను పిలువండ్రి. ఒక్కరే తాగేటందుకు చేసిన చాయ కాదు ఇది.