ఖాళీగా కనిపించే చోటు

మా అమ్మాయి ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. మొన్న సెలవులకి వస్తూ, చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ ఒకటి తెచ్చింది. పల్లెటూరి పొలాలు, మధ్యలో గాలిమర. కరెంటు తీసేవి కావు. గాలికి రెక్కలు తిరుగుతుంటే లోపల పెద్ద తిరగలి రాళ్ళు ధాన్యాన్ని పిండి చేస్తాయే, ఆ పాతకాలపు మర.

"ఇంత మొరటుగా ఉందేమిటే?" అన్నాను.

"మొరటుగానే ఉండాలమ్మా" అంటూ చెప్పుకొచ్చింది. 1905లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో నలుగురు ఆర్కిటెక్చర్ విద్యార్థులు 'బ్రూకె' అని ఒక బృందం పెట్టారట. ఆ మాటకి వంతెన అని అర్థం. నునుపుగా, ముచ్చటగా ఉండే బొమ్మలు వాళ్ళకి నచ్చలేదు. మనసులో ఉన్నది సూటిగా చెప్పాలంటే చెక్క మీద ఉలి దెబ్బే సరైనదనుకున్నారు. వాళ్ళ ఆశయాల ప్రకటనని కూడా 1906లో కిర్‌ష్నర్ చెక్క మీదే చెక్కాడు. వాళ్ళలో హెకెల్, ష్మిట్-రాట్‌లుఫ్ అనే ఇద్దరు ఉత్తర సముద్ర తీరాన డాంగాస్ట్ అనే పల్లెకి వెళ్ళి ఉండేవారు. అక్కడి గాలిమరని హెకెల్ 1909లో రంగుల్లో వేశాడు. ఆ బొమ్మ చూశాకే దీనికి గాలిమరని ఎంచుకున్నానంది మా పిల్ల.

ఈ పద్ధతి మనకి కొత్తేమీ కాదు. పెడన కలంకారీ అచ్చులు చూసిన వాళ్ళకి తెలుస్తుంది. ఎత్తుగా మిగిలిన చోటే రంగు అంటుతుంది, చెక్కేసిన చోటు అంటదు. బొమ్మని అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి.

"మరి ఆకాశమంతా ఖాళీగా వదిలేశావేం?" అన్నాను.

"వదల్లేదమ్మా. ఆ తెలుపు కోసమే మూడు రోజులు చెక్కాను. నల్లగా ఉన్నదే నేను ముట్టుకోనిది."

ఆ మాట నన్ను పట్టుకుంది. మా అత్తయ్యగారు తుంటి ఎముక విరిగి మూడేళ్ళుగా మంచం మీదే ఉన్నారు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెడతాను, రాత్రిళ్ళు కూడా. వీపు తుడిచి పౌడరు అద్దుతాను. దుప్పట్లు రోజుకి రెండుసార్లు మారుస్తాను. చూడ్డానికి వచ్చినవాళ్ళకి వాసన లేని గది, పుండు లేని వీపు కనిపిస్తాయి. "ఆవిడ బాగానే ఉన్నారుగా, నీకు పెద్ద పనేముందిలే" అని కాఫీ తాగి వెళ్తారు.

మన పనంతా ఇంతే కదండీ! మురికి లేకపోవడం, ఆకలి లేకపోవడం, పుండు లేకపోవడం. చేసిన చోటే ఏమీ చేయనట్టు కనిపిస్తుంది.

నిన్న మా పెద్ద తోడికోడలు ఫోన్ చేసింది. మాటల్లో "నువ్వెలాగూ ఇంట్లో ఖాళీయేగా" అంది. ఎప్పుడూ నవ్వి ఊరుకునేదాన్ని.

"ఖాళీ కాదక్కా. వచ్చే నెల పది రోజులు వచ్చి అత్తయ్యగారి దగ్గర ఉండు. నేను మా అమ్మ దగ్గరికి వెళ్ళొస్తాను" అన్నాను.

కాసేపు అవతల మాట లేదు. తర్వాత "టికెట్లు చూస్తాలే" అంది.