ముసాఫిర్‌కి రుఖ్సత్ ఉంది, మరి పిల్లవాడికి?

సఫర్‌లో ఉన్న మనిషికి దీన్ ఎంత వెసులుబాటు ఇచ్చిందో మనందరికీ తెలుసు. జొహర్, అసర్, ఇషాల్లో నాలుగు రకాతుల ఫర్జ్ రెండవుతుంది. రంజాన్‌లో అయితే రోజా తర్వాత ఉండొచ్చు. మన హనఫీ ఉలమా లెక్కలో దాదాపు 78 కిలోమీటర్ల దూరం పోయేవాడు ముసాఫిర్. ఖమ్మం నుంచి భద్రాచలం 120 కిలోమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి అటు పోయినప్పుడల్లా కసర్ చదువుతాం. "ఏసీ కారులో వచ్చినవ్, నీకేం కష్టమైంది?" అని ఎవరూ అడగరు. సఫర్ అంటేనే తక్లీఫ్ అని దీన్ ముందే ఒప్పుకుంది. ఫిఖ్హ్‌లో దీన్ని రుఖ్సత్ అంటారు.

అదే కారులో వెనక సీట్లో కూర్చున్న పిల్లవాడి దగ్గరకొచ్చేసరికి ఈ రుఖ్సత్ మనకు యాదికి రాదు.

మా చెల్లెలి ఇల్లు ఖమ్మంలో, బొక్కలగడ్డలో, మున్నేరుకు దగ్గర. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. ఆ రోజు మున్నేరు 36 అడుగులు దాటింది. ప్రకాశ్ నగర్ వంతెన మీద చిక్కుకుపోయిన తొమ్మిది మందిని హర్యానా నుంచి వచ్చిన సుభాన్ ఖాన్ అనే భాయ్ జేసీబీ తోలుకుంటూ పోయి కాపాడింది ఆ రోజే. ఆ ఖబర్ మన ఇళ్లల్లో ఎంత ఫఖ్ర్‌తో చెప్పుకున్నామో! అదే సమయంలో మా చెల్లెలు ఇద్దరు పిల్లల్ని తీసుకుని పక్కింటి డాబా మీద ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. తమ ఇంటి సామాను నీళ్లలో కొట్టుకుపోతుంటే పిల్లలు పైనుంచి చూశారు.

బురద కడిగి, సున్నం వేసి, పరుపులు కొత్తవి కొన్నారు. ఇల్లు మళ్లీ ఇల్లయింది. కానీ తొమ్మిదేళ్ల పిల్లవాడు వాన చప్పుడు వింటే నిద్రపోడు. మంచం పక్కనే చెప్పులు, స్కూలు బ్యాగు పెట్టుకుని పడుకుంటాడు. పక్క తడపడం మళ్లీ మొదలైంది. ఐదేళ్ల చెల్లి గుడియాలన్నిటినీ అల్మారా మీదికి ఎక్కించి, "దిగొద్దు, పానీ హై" అని ఆడుకుంటుంది. ఖాందాన్‌లో పెద్దవాళ్లు, "బచ్చే హైఁ, భూల్ జాతే" అన్నారు. ఒక ఖాలా అయితే, "ఒకసారి గోదావరికి తీసుకుపోయి ముంచండి, డర్ అంతా నికల్ జాతా" అని సలహా ఇచ్చింది.

ఆ జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, భద్రాచలంలో మా మామూజాన్ మనవరాలి నికాహ్. ఊళ్లోకి పోవాలంటే సారపాక దగ్గర గోదావరి వంతెన దాటాలి. చెల్లెలు ఫోన్ చేసి, "భాయిజాన్, బ్రిడ్జి అంటేనే వీడు కడుపునొప్పి అంటున్నాడు" అంది. "కార్లో నిద్రపోతాడు కదా, నిద్రలోనే దాటించేద్దాం" అని ఇంట్లో ఒక మాట వచ్చింది. చెల్లెలు వద్దంది. మధ్యలో మెలకువ వస్తే? నీళ్ల మీద ఎటూ లేని భరోసా, మన మీద కూడా పోతుంది.

అందుకే ముందు రోజు వాడూ నేనూ కాగితం మీద దారి గీశాం. కొత్తగూడెం, పాల్వంచ, సారపాక. చాయ్ ఎక్కడ, నమాజ్ ఎక్కడ, బాత్రూమ్‌కి ఎక్కడ ఆగుతామో రాశాం. వంతెన కూడా గీశాం, దాచలేదు. ఒక షర్త్ పెట్టుకున్నాం: వాడు నా భుజం మీద చెయ్యి వేస్తే కారు ఆగుతుంది, ఎందుకని ఎవరూ అడగొద్దు.

సారపాకలో పేపర్ మిల్లు దాటాక చెయ్యి పడింది. ఆపాను. బహనోయి మా అమ్మీనీ చిన్నపిల్లనీ తీసుకుని ఆటోలో వంతెన దాటిపోయాడు. పిల్లవాడు, చెల్లెలు, నేను ఒక చాయ్ హోటల్లో కూర్చున్నాం. జొహర్ తర్వాత నికాహ్. ఫోన్లు మొదలయ్యాయి. "ఇంత దూరం వచ్చి బ్రిడ్జి ఇవతల కూర్చుంటారా? లోగ్ క్యా కహేంగే?" చెల్లెలు ఫోన్ పక్కన పెట్టి దుపట్టాతో కళ్లు తుడుచుకుంది. ఆ పెళ్లికూతుర్ని చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగింది తను. నికాహ్ చూడలేకపోయింది. అయినా పిల్లవాణ్ని ఒక్క మాట అనలేదు.

మూడు గంటలప్పుడు మామూజానే ఆటో దిగారు, చేతిలో క్యారియర్‌తో. బగారా ఖానా, దాల్చా. డెబ్బై దాటిన మనిషి, ఇంట్లో పెళ్లి పెట్టుకుని వచ్చారు. పిల్లవాడి పక్కన కూర్చుని, వాడు తింటుంటే, 1986 ఆగస్టు సంగతి మొదలుపెట్టారు. గోదావరి 75.6 అడుగులకు వచ్చిన ఏడు. అప్పటికి కరకట్ట లేదు. "నేను పెద్దోణ్ని అప్పటికే. పెళ్లయింది. అయినా ఏడ్చిన బేటా" అన్నారు.

పిల్లవాడు తినడం ఆపాడు. "నానా, ఇప్పుడు కూడా డర్ అయితదా?"

"అయితది. 2022 జూలైలో 71.3 వచ్చింది. ఈ వంతెన మీద రాకపోకలే ఆపేసిన్రు. మైకులో హెచ్చరిక చెప్తుంటే నా చేతులు వణికినయ్."

మన ఇళ్లల్లో మగవాళ్లు ఈ మాట అనగా నేను ఎప్పుడూ వినలేదు. మగపిల్లలు రోతే నహీఁ అనే మాటే విన్నాను. పిల్లవాడు హెచ్చరికలంటే ఏంటని అడిగాడు. చెప్పాను: 43 అడుగులకు మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. అర చేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. నది చూస్తానన్నాడు. వంతెన మొదలయ్యే దాకా నడిచాం. జనవరి కదా, ఇసుక తిన్నెలు బయటపడి ఉన్నాయి. చాలాసేపు చూసి, "ఇక్కడి దాకా చాలు" అన్నాడు.

చాలు అంటే చాలు. ఆ రోజు వాడు వంతెన దాటలేదు. మేం ముగ్గురం ఖమ్మం తిరిగొచ్చాం. ఆ రాత్రి కూడా పక్క తడిపాడు. ఒక్క సఫర్‌తో నయమయ్యే జఖ్మ్ కాదిది.

జర్నలిస్టుగా నేను ఈ అడవి దారుల్లో తిరిగినవాణ్ని. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు వదిలి చర్ల, దుమ్ముగూడెం వైపు అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ కుటుంబాలున్నాయి. ఆ పిల్లలకు సఫర్ అంటే సైర్ కాదు, ప్రాణం అరచేతిలో పెట్టుకుని నడిచిన దారి. పిల్లలకు ఊరు మార్పు ఎప్పుడూ సరదాయే అనుకునే మనలాంటివాళ్లం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వరదో, యాక్సిడెంటో, ఇంట్లో మౌతో చూసిన పిల్లల్ని ఎక్కడికైనా తీసుకుపోతున్నారా? ఎక్కడికి, ఎంతసేపు, రాత్రి ఎక్కడ పడుకుంటామో ముందే చెప్పండి. వాళ్ల దుప్పటి, వాళ్ల తకియా వెంట పెట్టుకోండి. తినే వేళ, పడుకునే వేళ తప్పనివ్వకండి. ఆగుదామంటే ఆగండి. దావత్‌లో పదిమంది ముందు కూర్చోబెట్టి, "ఆ రోజు ఏమైందో చెప్పు బేటా" అనకండి, అననివ్వకండి. వాడే చెప్తే వినండి. గొడవ చేసే పిల్లవాడి పక్కన చప్పుడు చేయకుండా కూర్చున్న చెల్లినీ చూడండి.

దువా చదివి దమ్ చేయించండి, మేమూ చేయించాం. దాంతోపాటు దవా కూడా. ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్న మాట మన పిల్లలకు చెప్పేదే కదా. నెల దాటినా నిద్ర పట్టకపోతే, ఉలిక్కిపడుతుంటే, స్కూలుకు పోనంటే డాక్టర్‌కి చూపించండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416. పైసా ఖర్చు లేదు, రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. మా చెల్లెలు మొదట ఆ నంబర్‌కే ఫోన్ చేసింది. ఇప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకుపోతోంది.

మొన్న పిల్లవాడు అడిగాడు: "మామూ, ఆ బ్రిడ్జి నడిచి దాటితే ఎంతసేపు పడతది?"

కనుక్కుని చెప్తానన్నాను. ఎప్పుడు పోదామని మాత్రం నేను అడగలేదు.