బాతుల వెనక జోనంగి

తాతయ్యకి ఆరువందల బాతులుండేవి. సార్వా మాసూళ్లు అయ్యాక కైకలూరు నుంచి ఆకివీడు దాకా కొల్లేటి ఒడ్డు చేలన్నీ వాటికి మేతే. వరిదుబ్బుల మధ్య రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకుంటూ మంద రోజుకో చేలో దిగేది. పురుగు పోతుంది, రెట్ట పడుతుంది కాబట్టి రైతులు కాదనేవారు కాదు. అంత మందని ఇద్దరు మనుషులూ ఒక కుక్కా తోలేవాళ్లు. కుక్క లేకపోతే ఐదుగురు కావాలనేవాడు తాతయ్య. నా కళ్లతో చూశాక, ఆయన తక్కువే చెప్పాడనిపించింది.

ఆ కుక్క జోనంగి, మా కొల్లేటి వైపు జాతి. ఒంటికి అతుక్కున్నట్టుండే పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు. మొరగడం తక్కువ. మెడ ఎత్తి రాగం తీసినట్టు ఒక కూత కూసేది. ఎండ ముదిరితే గట్టులో గొయ్యి తవ్వుకుని పడుకునేది. చేలో నీళ్లున్న రోజుల్లో గట్టుకి గండి పడుతుందని రైతులు కోప్పడేది ఆ ఒక్క విషయానికే.

1983లో దాని చూపు మందగించింది. ఒక లంక గ్రామంలో పని తెలిసిన ఆడకుక్క ఈనిందని కబురొస్తే, తాతయ్య నన్ను తాటిదోనెలో ఎక్కించుకుని వెళ్లాడు. నాకు పన్నెండేళ్లు. ఐదు పిల్లలు. బొద్దుగా ఉన్న మగపిల్ల ఒకటి నా కాలివేళ్లు కొరుకుతూ వదల్లేదు. అదే కావాలన్నాను. తాతయ్య మాట్లాడలేదు. పిల్లలకంటే తల్లిని ఎక్కువసేపు చూశాడు. తల్లి ఎలా నడుస్తుంది, పక్కన కోడి తిరుగుతుంటే ఏం చేస్తుంది, యజమాని పిలిస్తే ఎంతలో వస్తుంది. ఆ రోజు ఖాళీ చేతులతోనే తిరిగొచ్చాం.

రెండోసారి గంపలో నాలుగు బాతుపిల్లల్ని పట్టుకెళ్లాడు. గంప నేల మీద పెట్టి మూత తీశాడు. నాకు నచ్చిన బొద్దుపిల్ల నోరు తెరుచుకుని మీద పడబోయింది. ఒకటి భయపడి తల్లి కిందికి దూరింది. రెండింటికి పట్టలేదు. మిగిలిన సన్నపాటి గోధుమరంగు ఆడపిల్ల తల కిందికి దించి, ఒక ముందుకాలు గాల్లో ఉంచి, అలాగే చూస్తూ నిలబడింది. తర్వాత గంప చుట్టూ తిరిగొచ్చి మళ్లీ నిలబడింది.

"ఇదేరా మనది" అన్నాడు తాతయ్య.

"పిరికిదేమో తాతయ్యా?"

"పిరికిదైతే పారిపోద్ది. ఇది ఆగింది. చూసీ ఆగే కుక్క దొరకడం కష్టంరా అబ్బాయ్."

ఇంటాయన డబ్బు పుచ్చుకోలేదు. మర్నాడు తాతయ్య గంపెడు గుడ్లు పంపాడు.

దాన్ని చిట్టి అని పిలిచాం. మొదటి రెండు నెలలూ బాతుపిల్లల పక్కనే పడక. బాతులు తిన్నాకే దానికి తిండి. మూడో నెలలో మెడకి పొడవాటి తాడు కట్టి "ఆగు" నేర్పడం మొదలెట్టాడు. వేరే మాట ఏదీ లేదు. ఆగితే వెన్ను నిమిరేవాడు, ఆగకపోతే తాడు పట్టి నిలిపేవాడు. కొట్టగా నేను చూడలేదు. "ఆగు" కుదిరాక "పద", ఆ తర్వాత "చుట్టు".

బాతుకి కుక్క ఎటుందో అటు వీపు పెట్టి నడవడం స్వభావం. తాతయ్య ముందుంటే చిట్టి వెనకుండాలి. ఆయన ఎడమకి జరిగితే అది కుడికి జరగాలి. ఇరవై అడుగుల దూరంలో ఉన్నంతసేపు మంద ఒక్క చాపలా సాగుతుంది. దగ్గరకొస్తే చాప చిరుగుతుంది. ఇంగ్లండులో గొర్రెలు తోలే బోర్డర్ కోలీలకి బాతుల మీద కూడా తర్ఫీదు ఇస్తారని పెద్దయ్యాక చదివాను. ఆ మాటకి నాకు ఆశ్చర్యం వేయలేదు.

ఒక మధ్యాహ్నం తాతయ్య నిద్రపోతుంటే, స్నేహితుల ముందు గొప్పకోసం చిట్టిని మంద మీదికి ఉసిగొల్పాను. మొదట కదల్లేదు. నేను మళ్లీ మళ్లీ అరిచేసరికి పరిగెత్తింది. మంద మూడు ముక్కలైంది. ఒక ముక్క డ్రెయిన్ దాటి కిక్కిసలో పడింది. చీకటిపడే దాకా వెతికినా పదకొండు దొరకలేదు. రాత్రంతా నక్కల ఊళలు వింటూ పడుకున్నాను. బెదిరిన బాతులు వారం రోజులపాటు సరిగ్గా గుడ్లు పెట్టలేదు. తెల్లవారుజామున తాతయ్య సగం నిండిన గంపతో దడిలోంచి బయటకొస్తుంటే తలెత్తి చూడలేకపోయేవాణ్ణి.

ఆయన తిట్టలేదు. చిట్టి తాడు నా చేతికిచ్చి, "పొద్దుగూకేదాకా ఒక్క ఆగు తప్ప ఏమీ అనకు" అన్నాడు. ఆ రోజంతా దాని పక్కన నడిచాను. బాతు కదిలినప్పుడల్లా దాని ఒళ్లు తాడు గుండా నా చేతిలో వణికేది. ఆ ఉరుకుని అది ఎంత కష్టపడి లోపలే పట్టి ఉంచుకుంటుందో అప్పుడు తెలిసింది.

ఏడేళ్లు పని చేసింది. ఈలోగా మా చుట్టూ చేలు చేపల చెరువులవుతూ వచ్చాయి. 1976లో సర్కారే సొసైటీలకి చెరువులు తవ్వించడంతో మొదలైంది. ప్రైవేటు చెరువులు తర్వాత ఆగలేదు. చెరువులో దుబ్బులుండవు, రాలిన గింజా ఉండదు. చెరువు కాపలాకి గట్టిగా అరిచే కుక్క కావాలి, జోనంగి అరవదు. పని తెలిసిన ఆడకుక్కల పిల్లల్ని అడిగేవాళ్లు లేకపోయారు. 2006లో సర్కారే గట్లు పేల్చి ఆ చెరువులు కొట్టేసినప్పుడు నేను వెళ్లి చూశాను. నీళ్లు వెనక్కి వచ్చాయిగానీ ఆ గట్ల మీద జోనంగి ఒక్కటీ కనపడలేదు.

మంద అమ్మేసింది 1990 వేసవిలో. వ్యాపారి వ్యాను రోడ్డు మీద ఆగింది. బాతుల్ని పొలం నుంచి వ్యాను దాకా తోలాలి, మధ్యలో ఇరుకు గట్టు, రెండు పక్కలా చెరువులు. ఒక్క బాతు నీళ్లలోకి జారకుండా చిట్టి తెచ్చింది. అంత సన్నటి పని దానిచేత అంతకుముందు నేను చూడలేదు. గంపలకెత్తుతుంటే తాతయ్య "ఆగు" అన్నాడు. ఆగింది.

వ్యాను వెళ్లిపోయింది. దుమ్ము అణిగింది. తాతయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. చిట్టి ముందుకాలు గాల్లో ఉంచి, రోడ్డు వైపే చూస్తూ నిలబడే ఉంది. చాలాసేపటికి నేనే వెళ్లి, దాని వెన్ను మీద చెయ్యి వేసి "పద" అన్నాను.