ఆర్యభటుడి పేరు పెట్టుకున్న సూక్ష్మజీవి

ఉప్పల్,
మంగళవారం రాత్రి

నాన్నగారూ,

క్షేమంగా చేరాను. మీరు పంపిన పూతరేకులు పిల్లలు అప్పుడే ఖాళీ చేశారు. పొద్దున హబ్సిగూడలో మెట్రో దిగి, ఉప్పల్ రోడ్డు వెంట కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీ గేటు దాకా నడిచాను. లోపల నాకు పనేమీ లేదు. కానీ ఆ గేటు చూడగానే మీ జంతుశాస్త్రం పాఠం గుర్తొచ్చింది.

ఎర్నెస్ట్ మేయర్ 1942లో చెప్పిన నిర్వచనాన్ని మీరు బోర్డు మీద రాసేవారు. తమలో తాము కలిసి సంతానాన్ని కంటూ, ఇతర గుంపులతో అలా కలవని జీవులన్నీ ఒక జాతి. గుర్రానికీ గాడిదకీ పుట్టిన కంచరగాడిదకు సాధారణంగా పిల్లలు పుట్టవు కనుక అవి రెండు జాతులు. ఏరో కొండో అడ్డొచ్చి గుంపు రెండుగా విడిపోతే, తరతరాలుగా మార్పులు పోగుపడి, మళ్ళీ ఎదురుపడ్డా కలవలేనంత దూరమవుతాయి. కొత్త జాతి అలా పుడుతుందనేవారు.

బాక్టీరియాకు ఆ కొలత పనికిరాదు. అది జంట కట్టదు, ఒకటి రెండుగా చీలుతుంది. పైగా దూరపు బంధువుల నుంచి కూడా జన్యువులు అందుకుంటుంది. అయినా సీసీఎంబీ శాస్త్రవేత్త శివాజీ గారి బృందం, పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం వారు కలిసి 2009లో మూడు కొత్త బాక్టీరియా జాతులను ప్రకటించారు. ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు పెట్టారు, ఒకదానికి ఇస్రో పేరు, మూడోదానికి మన ఆర్యభటుడి పేరు: బాసిల్లస్ ఆర్యభట్టై.

కొత్త జాతి అని ఎలా తేలుస్తారంటే, రెండు జీవుల డీఎన్ఏను వేడిచేసి జడపాయల్లా విడదీస్తారు. కలిపి చల్లారుస్తారు. ఒకదాని పాయ రెండోదాని పాయతో ఎంత మేర అల్లుకుందో కొలుస్తారు. 70 శాతం కన్నా తక్కువైతే వేరు జాతి. ఇది 1987లో శాస్త్రవేత్తలు కూర్చుని ఒప్పుకున్న గీత. ప్రకృతి గీసింది కాదు. అయినా ఆ గీతను నేను గౌరవిస్తాను. ఎవరైనా మళ్ళీ కొలిచి, కాదనడానికి వీలిస్తుంది కదా.

నాచారం,
గురువారం సాయంత్రం

నాన్నగారూ,

ఇవాళ ఆటోలో నాచారం, మల్లాపూర్ మీదుగా ఈసీఐఎల్ వైపు వెళ్ళొచ్చాను. ఫ్యాక్టరీల ప్రహరీలు, లారీలు, దుమ్ము. ఆ వైపే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి పరిశోధన బెలూన్ల కేంద్రం ఉంది. ఆ మూడు జీవుల కథ అక్కడే మొదలైంది.

2005 ఏప్రిల్‌లో అక్కణ్ణుంచి ఒక పెద్ద బెలూన్ 459 కిలోల పరికరాలను మోసుకుని లేచింది. ఆ పరికరాల్లో, సూక్ష్మజీవులు లేకుండా శుద్ధిచేసిన ఉక్కు గొట్టాలు ద్రవ నియాన్‌లో మునిగి ఉన్నాయి. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో, అంటే విమానాలు తిరిగే ఎత్తుకు బాగా పైన, అవి గాలిని పట్టుకుని పారాషూట్‌తో కిందికొచ్చాయి. ఆ గాలిలోంచి 12 బాక్టీరియా, 6 శిలీంధ్రాల గుంపులు పెరిగాయి. బాక్టీరియాలో తొమ్మిది మనకు తెలిసినవే. మిగిలిన మూడే కొత్తవి, వాటి దగ్గరి బంధువుల కన్నా అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకున్నాయి.

మరి అవి ఆకాశంలోనే పుట్టిన జాతులా? కాదనే నా నమ్మకం. అక్కడే జాతి ఏర్పడాలంటే అక్కడే తిని, చీలి, తరాలు గడవాలి. ఆ చలిలో, ఆ పొడిగాలిలో అదెలా సాధ్యం? ఎండ మండే నేల మీద ఆ ఓర్పు సంపాదించి, గాలితో పైకి వెళ్ళి ఉంటాయి. ఆర్యభట్టై ఆ తర్వాత పొలాల మట్టిలో, మొక్కల వేళ్ళ దగ్గర కూడా దొరికింది. మొక్కల పెరుగుదలకు తోడ్పడుతుందని దాని మీద పరిశోధనలూ జరుగుతున్నాయి.

పేరూ నిలకడగా లేదు. 2020లో దాన్ని ప్రీస్టియా అనే ప్రజాతికి మార్చారు. పూర్తి జన్యుపటాలు పోల్చిన కొందరు అది అసలు వేరు జాతే కాదు, ముందే తెలిసిన మెగాటీరియం అనే బాక్టీరియా జాతే అంటున్నారు. నాకిది ఓటమిలా అనిపించలేదు. పేరు పెట్టినవారు కొలతలు దాచకుండా ప్రచురించబట్టే ఇప్పటివాళ్ళు వాదించగలుగుతున్నారు.

సంకరమైనా పిల్లల్ని కనే జంతువుల గురించి మీ పాత నోట్సులో ఉండాలి, తీసి ఉంచండి. రేపు రాత్రి గౌతమి రైల్లో బయల్దేరుతున్నాను.

మీ అమ్మాయి